గిరీశానికి చెల్లు వేయవచ్చా? ‘కన్యాశుల్కం’ కొనేవాళ్లకూ ఆడేవాళ్లకూ

‘కన్యాశుల్కం’ నాటకంలోని గిరీశాన్ని క్షమించవచ్చా అన్న ప్రశ్నకు జవాబు, సగం మటుకు, మీ చేతిలో ఉన్న ప్రతి ఏదో దాని మీద ఆధారపడి ఉంటుంది. పూర్తి పాఠం చదివినవాళ్లకు ఒక గిరీశం కనిపిస్తాడు. కుదించిన ప్రతి చదివినవాళ్లకు, లేదా రెండున్నర గంటల ప్రదర్శన చూసినవాళ్లకు ఇంకో గిరీశం కనిపిస్తాడు. ఆ రెండోవాడు సరదా మనిషి. చుట్ట కాలుస్తాడు, ఇంగ్లీషు దంచుతాడు, చివర్లో దొరికిపోయి నవ్విస్తాడు. అతన్ని క్షమించడానికి ఎవరూ ఆలోచించనక్కర్లేదు, ఎందుకంటే అతను చేసిన పనులు చాలావరకు కత్తిరింపుల్లోనే కొట్టుకుపోయాయి.

కాబట్టి ముందు పుస్తకం సంగతి. ఈ నాటకాన్ని 1892లో విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభవారు తొలిసారి ఆడారు. అచ్చయింది 1897లో. గురజాడ అప్పారావు దాన్ని అక్కడితో వదిలేయలేదు. ఇంచుమించు కొత్త నాటకం అనిపించేంతగా తిరగరాసి 1909లో మళ్లీ అచ్చు వేయించారు. ఇవాళ మనం కన్యాశుల్కం అంటున్నది ఈ ఏడంకాల 1909 పాఠాన్నే. 1897 కూర్పు చిన్నది, చరిత్ర కోసం చదవాల్సింది. గిరీశం ఎరిగిన సాని మధురవాణికి ఇప్పుడున్న ఎత్తు అందులో లేదు. గిరీశం నేరాలకు బయట తిరుగుతున్న అసలు సాక్షి మధురవాణే గనక, మన ప్రశ్నకు 1909 పాఠమే పనికొస్తుంది.

గురజాడ 1915లో పోయారు. హక్కుల గడువు ఎప్పుడో తీరింది. ఎవరైనా వేసుకోవచ్చు, వేస్తున్నారు కూడా. అందువల్ల మంచి ప్రతులూ ఉన్నాయి, అట్ట తప్ప ఏమీ బాగోని ప్రతులూ ఉన్నాయి. దుకాణంలో నిలబడి అయిదు నిమిషాల్లో తేల్చుకోవచ్చు. మొదటి పేజీలో విజయనగరం బొంకులదిబ్బ మీద గిరీశం తనలో తాను మాట్లాడుకుంటూ కనబడాలి. ఏడంకాలూ ఉన్నాయో లేదో లెక్కపెట్టండి. సారా దుకాణంలో బైరాగీ హవల్దారూ వేదాంతం మాట్లాడే రంగం ఉందా, మధురవాణి పేకాట రంగం ఉందా చూడండి. కుదింపు అని అట్ట మీద చెప్పకుండా కుదించిన పుస్తకాల్లో ముందు ఎగిరిపోయేవి ఈ రెండే. తర్వాత పీఠికలు. 1897 నాటిదీ 1909 నాటిదీ గురజాడ ఇంగ్లీషులోనే రాశారు. రెండూ ఉండాలి, కనీసం తెలుగు అనువాదమైనా ఉండాలి. చివరిది భాష. విజయనగరం, విశాఖ వైపు బ్రాహ్మణ ఇళ్లలోని మాటను గురజాడ ఉన్నదున్నట్టు పెట్టారు. దాన్ని ‘సరిచేసి’ పుస్తక భాషలోకి మార్చిన ప్రతిని అక్కడే పెట్టేయండి. వెనక పదార్థ సూచిక ఉంటే మేలు. ఆనాటి కోర్టు మాటలూ, సానికొంపల మాటలూ, గిరీశం తెలుగు లిపిలో గుప్పించే ఇంగ్లీషూ కొత్త పాఠకుణ్ణి మొదటి యాభై పేజీల్లో ఇబ్బంది పెడతాయి. ఆ తర్వాత పుస్తకమే లాక్కుపోతుంది.

ఇక గిరీశం పద్దు.

మొదటి పద్దు మొదటి పేజీలోనే తెరుచుకుంటుంది. పూటకూళ్లమ్మ దగ్గర సంతలో సామాన్లు కొనిపెడతానని ఇరవై రూపాయలు పుచ్చుకున్నాడు, మధురవాణి మీద ఖర్చు పెట్టాడు. ఊళ్లో ఉంటే అప్పులవాళ్లు వదలరని తేలి, శిష్యుడు వెంకటేశం వెంట సెలవులకు కృష్ణరాయపురం అగ్రహారం బయలుదేరాడు. ఇరవై రూపాయలు అంటే ఇప్పటి చెవికి చిల్లర. పూటకూళ్లు వండి బతికే ఒక వితంతువుకు అది సంత సరుకు మొత్తం. పైగా ఆ ఇంట్లో అతనికి తిండే కాదు, ఆమెతో సంబంధం కూడా ఉంది. పద్దులో డబ్బుతో పాటు నమ్మకం కూడా రాయాలి. చీపురు పట్టుకుని మధురవాణి ఇంటికి ఆమె వచ్చే రంగం నాటకంలో పెద్ద నవ్వు. మధురవాణి కోసం వచ్చి మంచం కింద ముందే దూరి ఉన్న రామప్పంతులు దెబ్బ తింటాడు, గిరీశం తప్పుకుంటాడు. నవ్వుకోండి, ఫరవాలేదు. నాటకం మొత్తం మీద గిరీశం దగ్గర బాకీ వసూలు చేసుకోవడానికి స్వయంగా కదిలిన మనిషి ఆమె ఒక్కతే, ఆ చీపురు కూడా వేరేవాడికి తగిలింది.

రెండో పద్దు వెంకటేశం. పరీక్ష తప్పిన కుర్రవాడు. గురువు దగ్గర వాడు నేర్చుకున్నది చుట్ట కాల్చడం, తండ్రి ముందు ఇంగ్లీషు ముక్కలు ఏకరువు పెట్టడం, అబద్ధం చెప్పడం. ఈ పద్దు చిన్నదే. పాడైనా బాగుపడే వయసు వాడిది.

మూడో పద్దు దగ్గర ఆగాలి. గిరీశం విషయంలో తీర్పు మొత్తం దీని మీదే నిలుస్తుంది. వెంకటేశం చెల్లెలు సుబ్బిని తండ్రి అగ్నిహోత్రావధాన్లు రామచంద్రపురం అగ్రహారం ముసలివాడు లుబ్ధావధాన్లుకి పద్దెనిమిది వందలకు కుదిర్చాడు. తల్లి వెంకమ్మ నూతిలో పడింది. ఇంట్లో ఇంత జరుగుతుండగా, ఊళ్లో బాల్య వివాహాల మీద లెక్చర్లిచ్చిన గిరీశం ఆ ఇంట్లోనే కూర్చుని భోజనం చేస్తున్నాడు. తండ్రి ముందు మాత్రం ఆ పెళ్లి మంచిదే అన్నట్టు మాట్లాడతాడు. వ్యతిరేకంగా లెక్చరిచ్చారు కదా అని వెంకటేశం అడుగుతాడు. దానికి గిరీశం ఇచ్చే జవాబు తెలుగు వాళ్లందరికీ నోటికొచ్చు: ఒపీనియన్లు అప్పుడప్పుడు మార్చకపోతే పొలిటీషియన్ కాలేడని. ఎక్కువమంది అక్కడే ఆపేస్తారు. ఆ వెంటనే వచ్చే వాదం చదవండి. చిన్నపిల్లల పెళ్లిళ్లు జరిగితేనే గదా పడుచు వితంతువులుండేది, పడుచు వితంతువులుంటేనే గదా వితంతు వివాహ సంస్కరణకు పని దొరికేది.

తర్కం ముచ్చటగా ఉంది. తెలుగులో ఇంత చల్లగా రాసిన క్రూరమైన హాస్యం అరుదు. కానీ ఎవరి ముందు అంటున్నాడు? అమ్ముడుపోతున్న పిల్ల అన్నగారి ముందు. ఏ ఇంట్లో? ఆ తర్కానికి సజీవ ఉదాహరణ, వెంకటేశం అక్క బుచ్చమ్మ తిరుగుతున్న ఇంట్లో. బుచ్చమ్మ అలాంటి పెళ్లి వల్లే చిన్నతనంలో వితంతువైంది, ఇప్పుడు గిరీశం కన్ను పడింది ఆమె మీదే. సుబ్బి పెళ్లి ఆగితే అతనికి నష్టం. పెళ్లి హడావుడే అతనికి కావలసిన సందు. అంటే ఇది తెలియక చేసిన తప్పు కాదు, చూసీ చూడనట్టు వదిలేయడం కూడా కాదు. ఆపగల మాట నోట్లో ఉండి, లాభం చూసుకుని ఎదుటి పక్షానికి అరువిచ్చాడు. ఈ మాటను నాటకం చివరిదాకా ఎక్కడా అతను వెనక్కి తీసుకోడు. నా లెక్కలో చెల్లు వేయలేని పద్దు ఇదొక్కటే. తక్కినవాటి మీద బేరం ఆడుకోవచ్చు.

ఇక్కడ చాలామంది ఒక అభ్యంతరం చెబుతారు, అందులో బలముంది. అసలు దుర్మార్గుడు అగ్నిహోత్రావధాన్లు కదా, గిరీశం ఎవరినీ అమ్మలేదు కదా అని. 1897 పీఠికలోని లెక్కలు చూస్తే ఆ మాట ఇంకా బరువెక్కుతుంది. విజయనగరం మహారాజు ఆనంద గజపతి చేయించిన జాబితాలో మూడేళ్లలో 1034 శుల్క వివాహాలు, అంటే డబ్బు పుచ్చుకుని పిల్లనిచ్చిన పెళ్లిళ్లు, తేలాయి. పెళ్లికూతుళ్లలో అయిదేళ్లవాళ్లు 99 మంది, ఏడాది పిల్లలు ముగ్గురు, ఆ పసిగుడ్డుల ధర 350 నుంచి 400 రూపాయలు. ఈ పేజీ చదివాక నాటకంలోకి వెళ్తే అగ్నిహోత్రావధాన్లు ఒక్క మనిషిలా కనిపించడు, ఒక అలవాటుకు కాళ్లూ చేతులూ వచ్చినట్టుంటాడు. నిజమే. కానీ అందుకే అతని నేరం వేరే జాతిది. అతను చేస్తున్నది తప్పని అతనికి తెలియదు, చుట్టూ ఉన్న ఊరు తెలియనివ్వలేదు. అది అతన్ని నిర్దోషిని చేయదు. గిరీశానికి మాత్రం అంతా తెలుసు. తెలిసిన విషయాన్ని లెక్చరుగా అమ్ముకున్నాడు, గిరాకీ మారగానే సరుకు మార్చాడు. హాని ఎవరిది పెద్దదంటే అగ్నిహోత్రావధాన్లుది. క్షమకు ఎవరు దూరమంటే గిరీశం. ఈ రెండు ప్రశ్నల్నీ కలిపేయడం వల్లే గిరీశం మీద చర్చలు తెగవు.

సుబ్బి మేనమామ కరటకశాస్త్రిని గిరీశం పక్కన నిలబెట్టి చూస్తే ఇంకొంచెం స్పష్టపడుతుంది. అబద్ధాల లెక్కన అతను గిరీశానికేమీ తీసిపోడు. సుబ్బి పెళ్లి తప్పించడానికి తన శిష్యుడికి ఆడవేషం వేసి, మధురవాణి సాయంతో లుబ్ధావధాన్లుకు కట్టబెట్టాడు. ‘పెళ్లికూతురు’ మాయమయ్యాక ముసలివాడి మీద ఖూనీ కేసు పడింది. ఒక మనిషి మెడకు ఉరితాడు చుట్టుకునే దాకా వచ్చిన మోసం అది. అయినా అతని మీద పాఠకుడికి కోపం రాదు. ప్రమాదం తన మీద వేసుకున్నాడు, లాభం సుబ్బికి పోయింది. గిరీశం మోసాల్లో లాభం ఎప్పుడూ అతనిదే, ప్రమాదం ఎప్పుడూ పక్కవాడిదే. మంచం కింద రంగం దగ్గర్నుంచీ అంతే. (రామప్పంతులు సంగతి ఇక్కడ ఎత్తడం లేదు. లుబ్ధావధాన్లు కూతురు, వితంతువు మీనాక్షికి అతను చేసినదానికి అతన్ని క్షమించాలని ఎవరూ వాదించగా కనబడలేదు. అతనికి గిరీశం నోరు లేదు, అదే కారణం.)

బుచ్చమ్మ పద్దు అన్నిటికంటే చిక్కైనది. ఆమెను లేవదీసుకుపోయాడు అన్నది ఆనాటి ఊరి మాట. చట్టం లెక్కలో వితంతు వివాహం 1856 నుంచీ చెల్లుతుంది. రాజమండ్రిలో వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించింది 1881లో. కాబట్టి బుచ్చమ్మను పెళ్లాడతాననడం తప్పు కాదు. ఆ ఇంట్లోంచి బయటపడటం ఆమెకు మేలు కూడా. ఇంకెవరూ తెరవని తలుపు గిరీశం తెరిచాడన్న వాదన ఇక్కడినుంచే పుడుతుంది, దాన్ని తోసిపారేయలేం. అయితే అదే 1856 చట్టంలో ఇంకో మాట ఉంది. మళ్లీ పెళ్లి చేసుకున్న వితంతువుకు మొదటి భర్త ఆస్తి మీద హక్కు పోతుంది. పుట్టింటి గడప ఎలాగూ మూసుకుపోతుంది. అంటే ఆ అడుగు వేశాక ఆమెకు మిగిలేది గిరీశం ఒక్కడే. ఆ ఒక్కడి గురించి ఆమెకు తెలిసిందంతా అతను చెప్పుకున్నదే. పూటకూళ్లమ్మ సంగతి తెలియదు, మధురవాణి సంగతి తెలియదు, అప్పుల సంగతి తెలియదు. తమ్ముడికి పాఠం చెబుతున్నట్టు నటిస్తూ ఆమె చెవిన పడేలా కథలల్లే రంగాలు నెమ్మదిగా చదవండి. ఆ రంగాల్లో నేరుగా అడగడు. అడిగితే ఆమె కాదనవచ్చు, ఎదురు ప్రశ్న వేయవచ్చు. ఆ వీలు ఆమెకు లేకుండా చేశాడు.

ఆఖరి అంకంలో విశాఖపట్నంలో వకీలు సౌజన్యారావు పంతులు ఇంట్లో లెక్క తేలుతుంది. వకీలుకు సానులంటే గిట్టదు. గిరీశాన్ని సంస్కర్త అని నమ్మి ఆదరించాడు. మగవేషంలో వచ్చిన మధురవాణి బయటపడి, ముద్దు అడిగి, ఆయన తడబడి సిద్ధపడ్డాక తానే వెనక్కి తగ్గుతుంది. చెడనివాళ్లను చెడగొట్టొద్దని తల్లి చెప్పిందట. ఆమె వల్లే గిరీశం చరిత్ర వకీలుకు తెలుస్తుంది. బుచ్చమ్మను పూనాలోని విడోస్ హోముకు పంపాలని వకీలు నిశ్చయిస్తాడు. అది కల్పన కాదు, కార్వే పూనాలో వితంతువుల ఆశ్రమం పెట్టింది 1896లో. గిరీశం అన్న చివరి మాట అందరికీ తెలుసు. డామిట్, కథ అడ్డంగా తిరిగింది.

ఆ నాలుగు ముక్కల్లో పశ్చాత్తాపం ఎక్కడుందో వెతకండి. కథ తిరిగిందట. ఎవరు తిప్పారో, ఎవరి మీద తిరిగిందో లేదు. పట్టుబడ్డ జూదగాడు ముక్కల్ని తిట్టినట్టుంది. అతన్ని క్షమించడానికి పాఠకుడు ఎంత ఉబలాటపడినా, క్షమ అడిగే పాత్రను గురజాడ రాయలేదు. పోనీ, వకీలు క్షమించాడా లేదా అని చూద్దామా? మోసపోయినవాళ్ల వరుసలో వకీలు ఆఖరివాడు, పోయింది కొంచెం పరువు. ఇరవై రూపాయలు పోయినామె గానీ, ఇల్లు వదిలి వచ్చినామె గానీ ఏమంటుందో ఎవరూ అడగలేదు. అది నాటకం లోపమా, ఆ కాలం మీద నాటకం వేసిన ఎత్తిపొడుపా? రెండోదే అనుకుంటాను. అయినా ఆ వెలితి వెలితే. ఏడంకాల నాటకంలో బుచ్చమ్మకు తన జీవితం మీద ఒక్క రంగమైనా గట్టిగా దక్కలేదు. ఇంత గొప్ప పుస్తకానికి నేను పెట్టే ఫిర్యాదు అదొక్కటే.

గిరీశం మనకు ఇంత ముద్దొచ్చేలా ఎందుకయ్యాడంటే, నటులు అతన్ని బాగా పోషించడం వల్ల. జె.వి. రమణమూర్తి రంగస్థలం మీద ఆ పాత్రకు పర్యాయపదమయ్యారు. 1955 సినిమాలో ఎన్.టి. రామారావు వేశారు. అంత ఆకర్షణ ఉన్న మనిషి ఎదురుగా నిలబడితే ఇరవై రూపాయలు ఎవరికి గుర్తుంటాయి? ఇది నటుల తప్పు కాదు. గిరీశం ఆకర్షణ లేనివాడైతే బుచ్చమ్మా సౌజన్యారావూ మోసపోవడం నమ్మశక్యం కాదు. తప్పంతా కత్తిరింపులో జరుగుతుంది.

ఈ నాటకం పూర్తిగా ఆడాలంటే ఒక సాయంత్రం చాలదు, కుదించక తప్పదు. ఏది ఉంచాలన్నదే ప్రశ్న. సాధారణంగా గిరీశం చమత్కారాలన్నీ ఉంచి, అప్పులవాళ్లనూ పూటకూళ్లమ్మ మాటలనూ తగ్గిస్తారు. దాంతో అతని పద్దులో జమ పక్కే మిగులుతుంది. దీన్ని తిరగేయాలి. చుట్ట మహిమ మీద పద్యం పోయినా నష్టం లేదు, ఇంగ్లీషు కవిత్వం సగం పోయినా ఫరవాలేదు. మొదటి స్వగతంలో ఇరవై రూపాయల వాక్యం మాత్రం స్పష్టంగా, నిదానంగా వినబడాలి. చాలా ప్రదర్శనల్లో నటుడు ప్రవేశించగానే చప్పట్లు మొదలై ఆ వాక్యం వాటి కింద పడిపోతుంది. చప్పట్లు ఆగాకే నోరు విప్పమనండి. పూటకూళ్లమ్మకు ముసలి హాస్యనటి అవసరం లేదు. డబ్బు పోయిన మనిషి కోపం తెలిసిన నటి కావాలి. ఆమె చీపురు నిజంగా కోపంగా వస్తేనే మంచం కింద నవ్వు కూడా పండుతుంది.

బుచ్చమ్మ వినేలా పాఠం చెప్పే రంగాల్లో ఆమెను వేదిక వెనక్కి, చీకట్లోకి తోయొద్దు. ప్రేక్షకుడి కన్ను గిరీశం నోటి మీద కాకుండా ఆమె ముఖం మీద పడేలా నిలబెట్టాలి. ఆమె నమ్ముతున్న క్షణం కనబడాలి. అది కనబడకపోతే ఆఖరి అంకంలో ఏం పోయిందో ఎవరికీ తెలియదు.

‘డామిట్’ దగ్గర ఇంకో ఇబ్బంది ఉంది. ఆ మాట కోసం హాలంతా ఎదురు చూస్తుంది, నటుడికీ తెలుసు. సభ వైపు తిరిగి, చేయెత్తి, గట్టిగా అంటాడు. హోరు లేస్తుంది, తెర పడుతుంది, మాఫీ అయిపోతుంది. దాన్ని సభకు కాక తనలో తాను అనుకున్నట్టు, బొంకులదిబ్బ మీద మొదటి స్వగతం ఏ గొంతుతో మొదలైందో ఆ గొంతుతోనే అనిపించి చూడండి. ఏడంకాలు గడిచినా మనిషి అక్కడే ఉన్నాడని తెలుస్తుంది. చప్పట్లు తగ్గుతాయి, దానికి సిద్ధపడాలి.

అన్నిటికంటే ముఖ్యం, అందరూ పట్టించుకోనిది వెంకటేశం పాత్ర. ఒపీనియన్ల రంగంలో ఆ కుర్రవాణ్ణి తెలివితక్కువ వెర్రినవ్వులవాడిగా ఆడిస్తే గిరీశం తర్కం ఉత్త జోకుగా పోతుంది. వాడు అడుగుతున్నది చెల్లెలి గురించి. కాబట్టి ఆ ప్రశ్న వేసే నటుడు నవ్వకూడదు. గిరీశం జవాబుకు హాలంతా నవ్వుతున్నా వాడు గురువు ముఖంలోకే చూస్తూ, జవాబు అర్థమయ్యీ కానట్టు, రెండు క్షణాలు ఎక్కువ నిలబడాలి. ఆ తర్వాతే తర్వాతి మాట.